ఐదు అంగీల జావీద్

కొత్తవాడలో వెల్డింగు పని చేసే జావీద్‌కు హనుమకొండలో గుట్టుగా ఒక సంసారం ఉందని మొన్న ఎండాకాలం ఒక మాట లేచింది. అది అబద్ధం. మా గల్లీలో లేచి, బస్సెక్కి వర్ధన్నపేట దాకా పోయి, అక్కడ అతనికి కుదిరిన పెళ్ళిని చెడగొట్టబోయింది కనుక ఉన్నది ఉన్నట్టు చెప్పడం నా వంతు. నా వంతే ఎందుకంటే, ఆ మాటకు మొదటి పోగు తీసింది నేనే.

మా డాబా మీద నిలబడితే రజియా వాళ్ళ దండెం కనబడుతుంది. రజియా జావీద్ తల్లి. మిరపకాయలు ఎండబోయడానికి నేను పైకి ఎక్కిన ప్రతి పొద్దూ ఆ దండెం మీద ఐదు అంగీలు ఆరుతుండేవి. వాటి పక్కన ఐదు బనీన్లు. ఆ ఇంట్లో మగవాడు ఒక్కడే. పండగ కాదు, పబ్బం కాదు, రోజూ ఐదే. పైగా పొద్దున నీలం అంగీలో బండెక్కిన మనిషి సాయంత్రం చారల అంగీలో దిగేవాడు. ఇవన్నీ చూడకుండా ఉండటానికి నాకు వేరే పనేముంది? మిరపకాయలకు కాపలా కావాలి కదా.

"ఏందక్కా, రోజు ఏందో లెక్క పెడ్తానవ్?" అని ఒకరోజు పక్క డాబా మీద నుంచి రాజశ్రీ అడిగింది.

"ఒక్క మొగోడు, ఐదు అంగీలు. ఇంటికో అంగీ ఉన్నట్టుంది పోరనికి," అన్నాను.

నవ్వుతూనే అన్నాను. ఆమె కూడా నవ్వింది. వారం తిరక్కుండా ఆమె హనుమకొండలో దవాఖానకు పోయి, అక్కడ జావీద్‌ను చూసి వచ్చింది. చేతిలో మామిడిపండ్ల సంచి పట్టుకొని ఒక ఇంటి మెట్లెక్కుతున్నాడట. ఇద్దరు పిల్లలు ఎదురొచ్చి చెరో చెయ్యి పట్టుకున్నారట. ఇంకేముంది, నా నవ్వుకు, ఆమె చూపుకు ముడిపడింది. ఆ ముడి మళ్ళీ విప్పడం మా ఇద్దరి తరం కాలేదు.

జావీద్ మా కళ్ళ ముందు పెరిగినవాడే. వాళ్ళ నాయిన సైకిళ్ళు బాగు చేసేవాడు. చిన్నప్పుడు జావీద్ మా రేడియో విప్పి, తిరిగి బిగించి, రెండు స్క్రూలు మిగిలాయని తెచ్చి నా చేతిలో పెట్టాడు. రేడియో మాత్రం అంతకుముందు కంటే గట్టిగా పలికింది. ఐటీఐలో వెల్డింగు నేర్చుకుని, సముద్రం ఒడ్డున ఓడలు కట్టే చోట తొమ్మిదేళ్ళు పని చేశాడు. సెలవుకు వచ్చినప్పుడల్లా నేను గుచ్చి గుచ్చి అడిగేదాన్ని. ఓడ అంటే మనం బొమ్మల్లో చూసే పై భాగమే కాదట. దాని కడుపులో ఇనుప గదులు వరసగా ఉంటాయట. పైన మనిషి పట్టేంత బొక్క ఒకటి. దాంట్లోంచి లోపలికి దిగి, ముడుచుకుని కూర్చుని వెల్డింగు చేయాలి. నాలుగు దిక్కులా ఇనుమే, కిందా ఇనుమే, పైనా ఇనుమే.

"గాలి ఎట్లరా కొడుకా?" అని అడిగితే, "పైపుల పంపుతరు పెద్దమ్మా," అన్నాడు.

"భయం గాదా?" అంటే మాత్రం నవ్వి ఊరుకున్నాడు.

రెండేళ్ళ కింద తల్లికి మోకాళ్ళ ఆపరేషన్ అయితే ఉద్యోగం మాని ఇంటికి వచ్చేశాడు. ఒక వెల్డింగు మిషన్ కొని, గేట్లు, కిటికీ గ్రిల్లులు, మగ్గాల మరమ్మతు, ఏది దొరికితే అది చేస్తున్నాడు. పని గట్టిదే. కానీ గల్లీలో అతనికి 'భయం వెల్డర్' అని పేరు పడింది. మిగతావాళ్ళు గంటలో చేసే పనికి ఇతను పూటంతా తీసుకుంటాడు.

మా గేటు విరిగినప్పుడు చూశాను. ముందురోజు వాన పడింది. నేల ఆరందే పని ముట్టనన్నాడు. ఆరాక ఒక చెక్క పలక పరిచి దాని మీద కూర్చున్నాడు. నన్ను పిలిచి మిషన్ స్విచ్ దగ్గర నిలబెట్టాడు.

"పెద్దమ్మా, నువ్వు ఈడ నుంచి కదలద్దు. నేను 'బంద్' అంటే బంద్ చెయ్."

"అనకపోతే?"

"అనకపోయినా సరే, నా చప్పుడు ఆగి, నేను కదలకుండ అయితే, ఎందుకని అడగకు. ముందుగాల బంద్ చెయ్. అడుగుడు తర్వాత."

ఊరికే నిలబడి ఒక మనిషినే చూస్తూ ఉండమని నాకు పని అప్పజెప్పినవాడు లోకంలో అతనొక్కడే. నేను రెప్ప వేయకుండా చేశాను. ఇదంతా ఎందుకని అడిగితే "అలవాటు పెద్దమ్మా," అన్నాడంతే. నేను ఎవరినైనా ఏదైనా అడుగుతాను. కానీ పెళ్ళికాని మగపిల్లవాణ్ణి నీకన్ని అంగీలెందుకని అడగడానికి మాత్రం నాకు కూడా నోరు రాలేదు. ఆ రోజే అడిగి ఉంటే ఈ కథే లేదు.

ఇక పెళ్ళి సంగతి. వర్ధన్నపేటలో ఫౌజియా అని పిల్ల, అక్కడి బడిలో లెక్కలు చెబుతుంది. తండ్రి జహీరుద్దీన్‌కు బోరు మోటార్లు చుట్టే దుకాణం ఉంది. రెండు వైపులా నచ్చింది, నిఖా రోజు కుదిరింది, రజియా మోకాళ్ళ నొప్పి మరచి బజారంతా తిరిగింది. ఇంకా పది రోజులుందనగా, మిట్టమధ్యాహ్నం, తెల్లటి అంగీ చెమటతో ఒంటికి అంటుకుపోయి, జహీరుద్దీన్ మా గడప ముందు నిలబడ్డాడు.

"సలాం అక్కా. ఈ గల్లీల ఏ సంగతైనా మీకే ఎర్కుంటదన్నరు."

ఆ మాట వేరే రోజు విని ఉంటే పొంగిపోయేదాన్ని. చెంబుతో నీళ్ళిచ్చి కూర్చోబెట్టాను.

"జావీద్ మంచోడే. నాకు నచ్చిండు," అన్నాడు నీళ్ళు తాగి. "కానీ ఒక మాట మా దాకొచ్చింది. పొద్దుగాల ఒక అంగీల పోతాండట, పొద్దుమూకి ఇంకో అంగీల వస్తాండట. మరి మొదటి అంగీ ఏడ ఇడుస్తాండు అక్కా?"

నేను ఖాళీ చెంబు అందుకున్నాను.

"ఇంకోటి. పనిల ఉత్త పిరికోడట. ఇనుము ముట్టాలంటే వంద షరతులట. నేను నలభై ఏండ్ల సంది కరెంటుతోనే బతుకుతాన. ఇగో, చెయ్యి ఎనక్కి తిప్పి వైరును ముట్టి, కరెంటు ఉన్నదో లేదో చెప్త. టెస్టర్ గిస్టర్ ఏం లేదు. గసొంటి నాకు అల్లుడు పిరికోడైతే మంది నవ్వరా?"

"గీ మాట జావీద్‌నే అడగరాదు అన్నా?"

"ఎట్ల అడుగుత అక్కా? కాబోయే అల్లున్ని పట్టుకొని 'నీకు ఇంకో ఇల్లు ఉన్నదా బిడ్డా' అని అడిగేటి నోరు ఏ మామకుంటది? కానీ తేల్చుకోకుండ మాత్రం ఇయ్యాల బస్సెక్క. గిది నా బిడ్డ బతుకు."

కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రి నిద్రపోయినట్టు లేదు. 'ఆ మాట నాది అన్నా' అని నాలుక చివరిదాకా వచ్చింది, అక్కడే కూర్చుంది. దానికి బదులు లేచి కొంగు దోపుకున్నాను.

"జావీద్ ఇప్పుడు సారంగపాణి షెడ్డుల పని చేస్తాండు. నా నోటి మాట ఎందుకు, కండ్లతోనే చూద్దువు పా."

సారంగపాణి షెడ్డులో ఎనిమిది పవర్‌లూమ్ మగ్గాలు. దుప్పట్లు నేస్తారు. పైన రేకులు, బయట రోళ్ళు పగిలే ఎండ. అలాంటి రోజుల్లో నూలు ఎండిపోయి పటపట తెగుతుందని షెడ్డు వాళ్ళు నేలంతా నీళ్ళు చల్లుతారు, కిటికీలకు తడి గోనెలు కడతారు. లోపల అడుగు పెడితే కాళ్ళకు చల్లగా, హాయిగా ఉంటుంది. చెప్పులు మాత్రం గుమ్మం బయటే. సారంగపాణి షెడ్డులో ఆ నియమం ఏడాదిగా మరీ గట్టిది. మనిషి పెద్దవాడైనా, అధికారి అయినా సరే, చెప్పుతో గుమ్మం దాటనివ్వడు.

మేము పోయేసరికి గుమ్మంలోనే తగువు నడుస్తోంది. మగ్గాలలో ఆరోది, దాని ఇనుప కాలు పగిలింది. దాన్ని అతకడానికి జావీద్ వచ్చాడు. కాబోయే మామగారిని చూసి సలాం పెట్టి, కొంచెం తడబడి, మళ్ళీ తగువులో పడ్డాడు.

"ఒక్క మగ్గం కాలు ఇరిగితే ఎనిమిది మగ్గాలు బంద్ పెట్టాల్నా?" అంటున్నాడు సారంగపాణి.

"అవును కాకా. నేల తుడవాలె. తడి గోనెలు తియ్యాలె. పని ఉన్నోళ్ళే లోపల ఉండాలె."

"నేల ఎండితే నూలు తెగుతది గదరా!"

"నూలు తెగితే ముడేస్తవ్ కాకా. పాణం తెగితే ఏం ముడేస్తవ్?"

మూల కూర్చున్న ముసలి నేతగాడు సారయ్య కిసుక్కున నవ్వాడు. "మన నేత విద్దెతోనే మనల్ని కొట్టిండు సేటూ," అన్నాడు. తర్వాత నవ్వు ఆపి, జావీద్‌ను దగ్గరికి పిలిచాడు. "అయినా ఈ షెడ్డుల వెల్డింగంటే నాకూ జర గుబులే బిడ్డా. పోయినేడు వేరే ఆయన వచ్చి చేసిండు. ఆయన పని చేస్తాంటే ఏ మగ్గం ముట్టినా చేతికి జుమ్ముమన్నది. చెప్పులతోని ఎవలో లోపలికొచ్చిండ్రు, అందుకే అమ్మవారికి కోపమొచ్చిందనుకున్నం. కొబ్బరికాయ కొట్టినం. ఆనాటి సంది గుమ్మం లోపలికి చెప్పు రానిస్తలేం."

ఆ కొబ్బరికాయతో పాటు అరటిపండ్లు తీసుకుపోయింది నేనే. అమ్మవారికి హారతి కళ్ళకద్దుకున్నదీ నేనే.

జావీద్ నెత్తి పట్టుకుని చెక్క పలక మీద కూలబడ్డాడు.

"తాతా, ఆ రోజు ఆయన మిషన్ ఏడ పెట్టిండు? వైరు కొసన ఉండే ఇనుప పట్టు ఏ మగ్గానికి బిగించిండు?"

"తలుపు కాడ మొదటి మగ్గానికి. పని చేసింది ఆ చివర ఏడో మగ్గం కాడ."

"అమ్మవారికి కోపం రాలే తాతా. కరెంటు తొవ్వ తప్పింది." వేలితో నేల మీద గీత గీశాడు. "మిషన్ల నుంచి పోయిన వెల్డింగు కరెంటు మల్ల మిషన్‌కు తిరిగి రావాలె. తిరిగొచ్చే వైరు పట్టును పని జాగ పక్కనే పెట్టాలె. ఆయన తలుపు కాడ పెట్టిండు. అది పాపం ఏడో మగ్గం కాడి నుంచి తలుపు దాక, దొరికిన ఇనుమునల్ల పట్టుకుంట ఇంటికి పోయింది. మధ్యల మీరు తడి నేల మీద నిలబడి మగ్గం ముట్టిండ్రు. కాళ్ళకు చెప్పులుంటే జర అడ్డం ఉండేది. మీరు అవి గూడ ఇడిపిచ్చిండ్రు!"

తర్వాత సారంగపాణి గోడ మీద దండ వేసిన ఫొటో చూపించాడు. "అంటే మగ్గం కాడికి చెప్పులతోని రమ్మంటవ్. అగో, మా తాత. ఆయనకు చెప్పు."

ఇక్కడ జావీద్‌కు నేనే అడ్డం పోయాను. అతను చెప్పగలిగింది ఇనుము సంగతి. తాతల సంగతి చెప్పాల్సింది మాలాంటివాళ్ళం. నేను వీధి చివర సిమెంటు దుకాణానికి పోయి నాలుగు జతల కొత్త రబ్బరు బూట్లు తెచ్చాను. గుమ్మంలో వరసగా పెట్టి, సారంగపాణి భార్యను పసుపు కుంకుమ అడిగాను.

"నీకేమన్న పిచ్చా అక్కా?" అన్నాడు సారంగపాణి.

"సారంగపాణీ, మగ్గంల అటూ ఇటూ ఉరికే నాడె చెక్కదా కాదా? బెల్టు రబ్బరుదా కాదా? దసరా నాడు వాటికి బొట్టు పెడ్తవా లేదా?"

"పెడ్త. అయి మగ్గం సామాన్లు."

"గివి గూడ మగ్గం సామాన్లే. గల్లీ తొక్కయి, పెంట తొక్కయి, ఈ గుమ్మం దాటి బయటికి రావు. ఈడనే ఉంటయ్, ఈడనే అరుగుతయ్. చెప్పులంటవేంది?"

సారయ్య ముందుగా లేచాడు. వంగి నాలుగు జతలకూ బొట్టు పెట్టాడు. ఒక జత తొడుక్కుని, గున్న ఏనుగులాగా షెడ్డులో ఇటు నుంచి అటు నడిచాడు. సారంగపాణి ఫొటో వైపు చూశాడు, బూట్ల వైపు చూశాడు, పగలబడి నవ్వాడు. "సరే తియ్యి. తాతకు రాత్రికి నేను చెప్పుకుంట."

మగ్గాలు ఆగాయి. నేల తుడిచారు, గోనెలు విప్పారు, ఫ్యాను పెట్టి ఆరబెట్టారు. తిరిగొచ్చే వైరు పట్టును జావీద్ ఆరో మగ్గం కాలికే, పగులుకు జానెడు దూరంలో బిగించాడు. చెక్క పలక వేసుకున్నాడు. సారంగపాణిని స్విచ్ దగ్గర నిలబెట్టి, నాకు చెప్పిన మాటే చెప్పాడు. "కాకా, నా చప్పుడు ఆగితే..." మిగతాది నేను అందించాను. "ఎందుకని అడగకు, ముందుగాల బంద్ చెయ్!"

రేకుల కింద, మందపాటి గ్లౌజులతో, మొహానికి ముసుగుతో పని. పావుగంట కాకముందే జావీద్ అంగీ పిండితే కారేలా తడిసింది. స్విచ్ తీయించాడు. లేచి పక్కకు వచ్చి, ఒళ్ళు తుడుచుకుని, సంచిలోంచి పొడి అంగీ తీసి తొడుక్కున్నాడు. గ్లౌజులు కూడా మార్చాడు. తడి అంగీని కిటికీకి ఆరేశాడు. మళ్ళీ పావుగంట, మళ్ళీ అంగీ.

జహీరుద్దీన్ గోడకు ఆనుకుని ఇదంతా చూస్తున్నాడు. మూడో అంగీ బయటికి వచ్చేసరికి ఆగలేకపోయాడు. "ఏంది బిడ్డా, పెండ్లికొడుకు లెక్క గంటకో అంగీ?"

"చెమట ఉప్పు నీళ్ళు మామయ్యా. తడిసిన అంగీ, తడిసిన గ్లౌజు ఉన్నా లేనట్టే. మిషన్ల వోల్టేజి ఇంట్ల కరెంటు కంటే తక్కువనే, కానీ చెమటతోని ఇనుమును ఆనుకొని కూసుంటే పాణానికి అదే చాలు. ఓడల పని నేర్పింది ఇది. రోజుకు ఐదు అంగీలు తీస్కపోత, ఐదూ తడుపుకొని వస్త. అమ్మకు ఉతుకుడు ఎక్కువైతాందని నేనే ఉతుక్కుంట."

జహీరుద్దీన్ మెల్లగా నా వైపు తిరిగాడు. "అక్కా," అన్నాడు గుసగుసగా, "అంగీ ఈడ ఇడుస్తాండు."

నా గుండెల మీద నుంచి ఒక బండ దిగింది. కానీ హనుమకొండ బండ అలాగే ఉంది.

మనసు తేలికపడేసరికి జహీరుద్దీన్‌కు హుషారు వచ్చింది. బూట్లు తొడుక్కోమంటే "నాకెందుకు, నలభై ఏండ్లు" అని చెయ్యి ఊపేశాడు. జావీద్ నాలుగో అంగీ వేసుకుని, స్విచ్ వేయించి, కూర్చున్నాడు. పిడిలో కరుగుతున్న వెల్డింగు రాడ్ అయిపోవచ్చింది. అల్లుడికి సాయం చేయాలనో, తన ధైర్యం చూపించాలనో, జహీరుద్దీన్ కట్టలోంచి కొత్త రాడ్ తీసి ముందుకు వంగాడు. వట్టి కాళ్ళు. తడిసిన అంగీ. ఎడమ చెయ్యి మగ్గం మీద ఆనింది. కుడి చేతిలో రాడ్.

"ఇటు జరుగు, నేను పెడ్త..."

"బంద్!"

ఆ అరుపు రేకులకు తగిలి తిరిగొచ్చింది. సారంగపాణి ఎందుకని అడగలేదు. టక్కున స్విచ్ తీశాడు. జహీరుద్దీన్ చేతిలో రాడ్‌కు, జావీద్ చేతిలో దాన్ని పట్టే పిడికి మధ్య బెత్తెడు దూరం.

జావీద్ ముసుగు తీశాడు. మామగారి చేతిలోంచి రాడ్ మెల్లగా తీసుకుని, భుజం పట్టి చెక్క పలక మీద కూర్చోబెట్టాడు.

"నలభై ఏండ్లు నాకు ఏం గాలే," అన్నాడు జహీరుద్దీన్.

"మీ దుకాణానికి వచ్చినప్పుడు చూసిన మామయ్యా. మీరు ఎత్తు చెక్క పీట మీద కూసుంటరు, కాళ్ళు గూడ పీట కమ్మి మీదనే పెడ్తరు. నేలకు ఆనవు. నలభై ఏండ్లు మిమ్మల్ని కాపాడింది మీ చెయ్యి గాదు, ఆ పీట. అయినా రోజులన్నీ ఒక్క తీరుగ ఉండయ్. ఇంటికి పోంగ ఒక టెస్టర్ కొనుక్కపోండ్రి."

జహీరుద్దీన్ తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "ఆ పీట మా బేగం చేపిచ్చింది," అన్నాడు. "నడుం నొస్తదని నేను గూడ సరే అన్న. గిప్పుడు పోయి ఆమెకు ఎట్ల చెప్పాలె, నలభై ఏండ్ల సంది నువ్వే నన్ను బతికిచ్చినవని?"

ముందు సారయ్య నవ్వాడు, తర్వాత అందరం నవ్వాం. జావీద్ సంచిలోంచి ఐదో అంగీ, నీలం గళ్ళది, తీసి మామగారికి తొడిగించాడు. బొట్టు పెట్టిన బూట్లూ తొడిగించాడు. అప్పటి నుంచి పని అయ్యేదాకా స్విచ్ దగ్గర సారంగపాణిని జరిపి జహీరుద్దీనే నిలబడ్డాడు. ఈగ వాలినా జావీద్ మీద నుంచి చూపు తిప్పలేదు. సాయంత్రానికి మగ్గం కాలు అతుక్కుంది. మళ్ళీ ఎనిమిదీ మోగాయి. నేల ఎండినందుకు నూలు పదకొండుసార్లు తెగింది. సారయ్య పదకొండు ముళ్ళూ పాట పాడుతూ వేశాడు.

జహీరుద్దీన్ ఆఖరి బస్సు అందుకోవాలని అదే అంగీతో ఉరికాడు. అతని తెల్లంగీ జావీద్ సంచిలో వచ్చి రజియా దండెం ఎక్కింది.

ఆ తర్వాత అతని ఇంట్లో ఏం జరిగిందో ఆదివారం నాడు ఫౌజియా నోటనే విన్నాను. తండ్రితో కలిసి, ఆ నీలం గళ్ళ అంగీ ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చింది. రజియా వాకిట్లో చాపలు పరిచి చాయ్ పోసింది. రాజశ్రీ, నేను పిలవకుండానే పోయాం.

"అబ్బా ఇంట్ల అడుగు పెట్టంగనే అమ్మీ దర్వాజల అడ్డం నిలబడ్డది అత్తమ్మా," అంది ఫౌజియా నవ్వు ఆపుకోలేక. "'పొద్దుగాల తెల్లంగీల పోయిండ్రు. గీ గళ్ళంగీ ఎవరింట్లది?' అని అడిగింది. అబ్బా ఏం చెప్పినా ఇనలే. 'ఈ వయసుల గిదేం పని' అని గంట సేపు అన్నం పెట్టలే!"

"నవ్వు, నవ్వు," అన్నాడు జహీరుద్దీన్ గడ్డం సవరించుకుంటూ. "మందిని అనుమానిస్తే ఏమైతదో నాకు ఒక్క పూటల ఎర్కైంది."

అప్పుడిక నేను ఉండలేకపోయాను. అంగీల మాట ఎవరిదో చెప్పేశాను. "నాదే బిడ్డా. నేనే అన్న. ఉత్తగ నవ్వులాటకు అన్న." రాజశ్రీ కూడా తల వంచుకుని మామిడిపండ్ల సంచి, మెట్లు, ఇద్దరు పిల్లలు, అన్నీ చెప్పింది. రజియా చాయ్ గిన్నె కింద పెట్టి కొడుకు వైపు చూసింది. ఆమెకు తెలిసింది ఒక్కటే. ప్రతి గురువారం కొడుకు దోస్త్ ఇంట్లో తిని వస్తాడు. ఆ దోస్త్ ఎవరో ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

జహీరుద్దీన్ చాప పోగులు పీకుతున్నాడు. నేను ఈ గల్లీలో అందరినీ అడిగాను, అతను ఊరు దాటి వచ్చి నన్ను అడిగాడు. అడగవలసిన మనిషిని మాత్రం ఎవరం అడగలేదు. లెక్కల టీచర్ కదా, ఫౌజియా సూటిగా జావీద్ వైపు తిరిగింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

"నాకు ఒక్క మాట చెప్పుండ్రి. ఏది చెప్పినా ఇంట. హనుమకొండల మీకెవరున్నరు?"

జావీద్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ముందు తల్లి వైపు చూశాడు, తర్వాత ఫౌజియా వైపు.

"దేవదాస్ అన్న ఉన్నడు. ఓడల పనిల నా జతగాడు. నాలుగేండ్ల కింద ఓడ కడుపుల, తడిసిన అంగీతోని, చిరిగిన గ్లౌజుతోని రాడ్ మార్చబోయి కరెంటుకు అంటుకపోయిన. అరుద్దామంటే నోరు లేవలే. పైన స్విచ్ కాడ ఆయన నిలబడ్డడు. నా చప్పుడు ఆగిందని ఎవలనూ అడగలే, బంద్ చేసిండు. అమ్మ పరేషాన్ అయితదని ఇయ్యాల్టి దాక ఇంట్ల చెప్పలే. ఇప్పుడు ఆయన హనుమకొండల ఉంటాండు. ఇద్దరు పిల్లలు, నన్ను బాబాయ్ అంటరు. ప్రతి బేస్తారం వాళ్ళింట్లనే తింట. వచ్చే బేస్తారం మీరు గూడ రావాలె. నిఖా కుదిరిన నాడే వదిన మీ కోసం ఒక ప్లేటు తీసి పక్కకు పెట్టింది."